నేను జామీను ఉన్న మామిడిచెట్టు

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లోనే తిరిగాను. ఇంత సర్వీసులో నేను జామీను ఉన్నది ఒక్కసారే. అదీ మనిషికి కాదు, చిన్న మంగళారంలో ఒక నాటు మామిడిచెట్టుకు. వాడంతా చూస్తుండగా, గొడ్డలి ఎత్తిన మనిషికి అడ్డం పడి "నాది జామీను" అన్నాను. ఆ మాటతో ఎంత ఇరుక్కుపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు "సార్, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతుంటారు. ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో నా భార్యను అడగాలి, ఆమెకే గుర్తు. నాకు గుర్తున్నవి చెట్లు, వాటి కింద నేను పడ్డ సిగ్గు.

ఆకు ఫోటోలు

రిటైరైతే ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. ఎక్కడ! పొద్దున పళ్లు తోముకునే వేళకే ఫోన్‌లో ఒక ఆకు ఫోటో వచ్చి కూర్చుంటుంది. కింద ఒకే ప్రశ్న: "సార్, ఇదేం రోగం?" చెట్టు ఏదో చెప్పరు. ఎక్కడుందో చెప్పరు. గోరు ఫోటో పంపి జ్వరం ఎంతుందో చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒకాయన, ఆకు మీద బూడిదరంగు పొర వస్తోందని వారం రోజులు నన్ను తినేశాడు. ఫోటోను పెద్దగా చేసి చూస్తే ఆకు కింద అతుకు కనిపించింది. ప్లాస్టిక్ మొక్క. తడిబట్టతో తుడిపించమని చెప్పాను. "రోగం పూర్తిగా పోయింది సార్" అని మర్నాడు దండం బొమ్మ పంపాడు.

నవ్వుతున్నానని నేనేదో తెలివైనవాణ్ననుకోకండి. సర్వీసులో ముప్పాతిక భాగం నేనూ ఆకులే చూశాను. జేబులో భూతద్దం, సంచిలో పుస్తకం. ఆకు తెంపడం, మచ్చ చూడటం, మందు పేరు రాయడం. అదే చెట్ల వైద్యమనుకున్నాను.

ఖాదర్ సాబ్ ప్రశ్న

చేవెళ్లలో నా మొదటి ఆఫీసర్ ఖాదర్ సాబ్. మధ్యాహ్నం భోంచేశాక గంటసేపు కునుకు తీసేవాడు. పైనుంచి వచ్చిన కాగితం ఒక్కటీ చదివేవాడు కాదు. రోగం వచ్చిన చెట్టును చూడటానికి వెళ్తే చెట్టు దగ్గరికే పోయేవాడు కాదు. కుర్చీ వేయించుకుని, చాయ్ తాగుతూ, ఇంటిని చూసేవాడు. ఈయనకు జీతం ఎందుకిస్తున్నారా అనుకునేవాణ్ని.

ఒకసారి చేవెళ్లలో ఒకరింట్లో జామచెట్టు ఒకవైపు ఎండుతోందని కబురొచ్చింది. నేను భూతద్దం పెట్టి అరగంట చూసి మూడు తెగుళ్లు కనిపెట్టాను. మూడింటికీ శాస్త్రీయ నామాలు కూడా చెప్పాను.

"అరే భాయ్, మూడు పేర్లు పెట్టినవు. ఇదేమన్న బారసాలనా?" అన్నాడు ఖాదర్ సాబ్. తర్వాత ఇంటామె వైపు తిరిగాడు. "అమ్మా, ఈ చెట్టుకాడ మునుపు లేనిది, ఇప్పుడు ఉన్నది ఏంది?"

ఆమె కాసేపు ఆలోచించి, నీళ్లు కాగబెట్టే పొయ్యిని వెనకనుంచి ఇటు మార్చామని చెప్పింది. పొయ్యి సరిగ్గా ఎండిన కొమ్మల కిందే ఉంది. రోజూ పొద్దున ఇంటిల్లిపాది స్నానాలకూ మంట వేస్తుంటే ఆ చెట్టు ఎండక ఏం చేస్తుంది!

"అడవిల చెట్టుకు డాక్టర్ ఉన్నడా?" అన్నాడు తిరిగి వచ్చేటప్పుడు. "ఇంటికాడి చెట్టుకే బీమారి ఎందుకొస్తది? మనం పక్కనుంటం గనక."

నాకు ఆ మాట నచ్చలేదు. చదువుకున్నవాణ్ని కదా. ముసలాయన సోమరితనానికి మంచి సాకు దొరికిందనుకున్నాను. ఆ ప్రశ్నను ఇరవై ఏళ్లకు పైగా వాడలేదు.

నర్సమ్మ అవ్వ మామిడి

ఇక అసలు సంగతికి వస్తాను. రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్లు కూడా లేని రోజులవి. చిన్న మంగళారం నుంచి యాదయ్య అనే ఆయన ఫోన్ చేసి, మా ఇంటి ముందు మామిడిచెట్టు ఎండిపోతోంది, వచ్చి చూడమన్నాడు. ఇల్లు రోడ్డు వారనే. చెట్టు వాకిట్లో రోడ్డువైపు ఉంది. చుట్టూ సిమెంటు గద్దె, చల్లని నీడ. గద్దె మీద సంచి పెట్టి పైకి చూశాను. రోడ్డువైపు కొమ్మల్లో ఆకు చిన్నదైపోయింది, పలచబడింది. కొమ్మల చివర్లు బోడిగా ఉన్నాయి. రెండేళ్ల నుంచి కాపు లేదట.

యాదయ్య నన్ను పక్కకు తీసుకుపోయాడు. "సారూ, మా అవ్వ నా మాట ఇంటలేదు. మీరు చెప్తే ఇంటది. చెట్టు పని ఖతమైందని ఒక్క మాట చెప్పుండ్రి. రేపు కొమ్మ ఇరిగి ఎవల మీదన్న పడితే ఎట్ల?"

కొమ్మ కంటే ఆయన కళ్లు ఎక్కువగా ఆ జాగాను కొలుస్తున్నాయి. అక్కడ రెండు షటర్లు వేసి కిరాయికి ఇవ్వాలని ఆయన ఆలోచన. తప్పేం లేదు, రోడ్డు మీద జాగా ఉన్నవాళ్లంతా వేస్తున్నారు.

వెనకనుంచి యాదయ్య తల్లి నర్సమ్మ అవ్వ వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. "కాస్తలేదని నరుకుతవారా? నీకు నలబై ఏండ్లొచ్చినయ్. నువ్వేం కాసినవురా నాకు? నిన్ను నరికిన్నా?"

యాదయ్య తల వంచుకున్నాడు. నేను నవ్వు ఆపుకోవడానికి ఆకు తెంపి చూశాను.

అది పీచు మామిడి. పండితే ఎవరూ ముట్టరు. పచ్చికాయ కొరికితే దవడలు లాక్కుపోతాయి. కానీ తొక్కుకు, అంటే ఆవకాయకు, అంత మంచి కాయ ఆ చుట్టుపక్కల లేదు. కాయ దింపే రోజు వాడలోని ఆడవాళ్లంతా కత్తిపీటలు పట్టుకుని అవ్వ వాకిట్లోకి వచ్చేవారట. పొద్దంతా కోతలు, మాటలు, నవ్వులు. మిగతా ఏడాది ఎవరి పని వాళ్లది, ఆ వాకిలి తొక్కేవాళ్లే ఉండరు.

"ఈ చెట్టు పోతే నా వాకిట్లకు ఎవలొస్తరు సారూ?" అంది అవ్వ. మెల్లగా అంది. అంత గొంతు ఉన్న మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి నేను తెంపిన ఆకు పడేసి చెట్టు దగ్గరికి వెళ్లాను.

ఎండినట్టున్న కొమ్మను గోరుతో గీకాను. పైపొర కింద పచ్చగా ఉంది. ఇది మాత్రం నేర్చుకోండి పిల్లలూ: ఆకు రాలినంత మాత్రాన కొమ్మ చచ్చినట్టు కాదు, గీకి చూడండి. "బతికే ఉన్నది" అన్నాను. అవ్వ ముఖం వెలిగింది, యాదయ్య ముఖం వాడింది.

"మరి ఎందుకు కాస్తలేదు?" అన్నాడాయన.

నాకు తెలియదు. తెలియదని చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. "సూక్ష్మపోషకాల లోపం" అన్నాను గంభీరంగా.

గొడ్డలి ముందు

అవ్వకు నా సూక్ష్మపోషకాల మీద పెద్ద నమ్మకం కుదరలేదు. ఆమె దగ్గర ఆమె వైద్యం ఉంది. మా దిక్కు కాయని చెట్టును బెదిరించే పద్ధతి ఒకటుంది. ఇంటి మగమనిషి గొడ్డలి పట్టుకుని చెట్టు మీదికి పోయి, కాస్తావా నరకమంటావా అని గద్దిస్తాడు. ఇంకొకరు అడ్డం పడి, ఈ ఒక్కసారికి విడిచిపెట్టు, వచ్చే ఏడు కాస్తుంది, నాది జామీను అంటారు. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. జామీను ఉండే మనిషి ఇంటివాడు కాకూడదు. ఇంటివాళ్ల మాట చెట్టు నమ్మదట.

"సర్కారు మనిషివి. నువ్వైతే చెట్టు ఇంటది" అని తేల్చేసింది అవ్వ.

నేను సైన్సు చదివినవాణ్నని, ఇవి చేయకూడదని చెప్పాను. "చేస్తే నీ సైన్సుకేమన్న నొప్పా?" అంది. ఏ రోజు రావాలో చెప్పమన్నాను.

దసరా వెళ్లిన ఆదివారం. పండక్కి కడిగి బొట్టు పెట్టిన గొడ్డలితోనే యాదయ్య వచ్చాడు. వాడంతా పోగైంది. ఆయన చెట్టు మీదికి దూకిన తీరు చూసి నేనే ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏమే! రెండేండ్లాయె! నీళ్లు తాగుతున్నవ్, జాగ తింటున్నవ్, కాయెందుకు ఇస్తలేవే? ఇయ్యాల నరుకుడే!"

బెదిరింపులా లేదు. ఆ గొంతులో రెండు షటర్లూ చప్పుడు చేస్తున్నాయి. నేను నోరు తెరిచి చూస్తూ నా మాట మర్చిపోయాను. అవ్వ మోచేత్తో పొడిచింది. "అడ్డం పడు సారూ, వాడు నిజంగనే కొడ్తడు!"

"ఆగు యాదయ్యా, ఆగు! వచ్చే ఎండాకాలం కాస్తది! నాది... నాది జామీను!"

యాదయ్య గొడ్డలి దించాడు. పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోవాలి. ఆయన ఇంకో మాట కలిపాడు. "మంచిది. ఉగాది దాక చూస్త. రోడ్డు దిక్కు కొమ్మలకు పూత రాకుంటే నరుకుత. అవ్వా, అప్పుడు నువ్వు వద్దని అనొద్దు."

"అనను" అంది అవ్వ, నా వైపు చూస్తూ.

ఎవరో ఫోన్‌లో వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టారు. మర్నాడు మా పైఅధికారి ఫోన్ చేశాడు. "శాఖ తరఫున చెట్లకు జామీను ఇచ్చే అధికారం మీకు ఎవరిచ్చారండీ?" వ్యక్తిగతంగానే ఇచ్చాను సార్ అని చెప్పుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆఫీసులో నా పేరు జామీను సార్.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చిన్న మంగళారం. ఒక వారం పురుగుకు మందు, ఒక వారం తెగులుకు మందు, ఒక వారం సూక్ష్మపోషకాలు. కాండం తొలిచే పురుగు ఉందేమోనని బెరడంతా తడిమాను. ఏమీ దొరకలేదు. అలసిపోయి గద్దె మీద కూర్చుంటే అవ్వ జొన్నరొట్టె, దాని మీద పాత తొక్కు వేసి ఇచ్చేది. తింటూ పైకి చూస్తూ ఆలోచించేవాణ్ని. రోడ్డువైపు ఆకు ఇంకా రాలుతూనే ఉంది.

"జాడీ అడుగు కనబడుతున్నది సారూ" అంది అవ్వ ఒక ఆదివారం. అది రెండేళ్ల కిందటి కాయతో పెట్టిన తొక్కు. మళ్లీ పెట్టడానికి కాయ లేదు. ఆ రోజు నేను వట్టి రొట్టె తిన్నాను.

పైపులో నీళ్లు

చలికాలం మొదలైంది. ఎంకపల్లి దగ్గర విల్లా కట్టుకున్న సత్యనారాయణ అనే ఆయన మళ్లీ పిలిచాడు. విజయవాడ వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డ మనిషి. నిమ్మ, సపోటా, కొబ్బరి ఎంతో ప్రేమగా పెంచుకుంటున్నాడు. అన్నింటికీ ఆకు అంచులు మాడిపోతున్నాయి. నేను అప్పటికి మూడుసార్లు మూడు మందులు రాసిచ్చాను.

"ఏంటండీ ఇది, మీరు చెప్పినవన్నీ కొట్టించామండీ. మందు కొట్టే కొద్దీ మాడిపోతున్నాయి" అన్నాడు. పాపం, తిట్టడం కూడా మర్యాదగానే తిట్టాడు.

నేను నాలుగో మందు ఆలోచిస్తుంటే తోటపని చేసే మల్లయ్య పైపు పట్టుకొచ్చాడు. "సారూ, జర ఈ నీళ్లు నోట్లేసుకొని చూడుండ్రి."

వేసుకున్నాను. థూ! ఉప్పు కషాయం. ఆరా తీస్తే తేలింది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువని ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించారు. దాన్ని ఉప్పుతో కడిగినప్పుడు వచ్చే నీళ్లన్నీ చెట్లకు పోతున్నాయి.

"నీళ్లు వృథా కాకూడదని నేనే లైను వేయించానండీ" అన్నాడు సత్యనారాయణ చిన్నబోయి. "పర్యావరణం కదండీ!"

మల్లయ్యను పక్కకు పిలిచి, ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని కసురుకున్నాను.

"మీరు నన్ను అడగలే గద సారూ. వచ్చినప్పుడల్ల ఆకులే చూస్తిరి."

చెంప మీద కొట్టినట్టైంది. నోట్లో ఉప్పు అలాగే ఉంది. చాయ్ తాగుతూ ఇంటిని చూసే ఖాదర్ సాబ్ కళ్లముందు మెదిలాడు. స్కూటర్ తీసి నేరుగా చిన్న మంగళారం వెళ్లాను.

గద్దె

అవ్వ వాకిట్లో కూర్చుని కందికాయ ఒలుస్తోంది. అలవాటు ప్రకారం గద్దె మీద కూర్చుని అడిగాను. "అవ్వా, ఈ చెట్టుకాడ మునుపు లేనిది, ఇప్పుడు ఉన్నది ఏంది?"

అవ్వ చెట్టును చూసింది, నన్ను చూసింది. "ఏమున్నది సారూ... నువ్వు కూసున్న గద్దెనే."

"ఇది ఎప్పుడు కట్టించిన్రు?"

"ఎనిమిదేండ్లాయె. నువ్వే కట్టమంటివి గద!"

నాకు ఏ మాత్రం గుర్తులేదు. అవ్వ లోపలికి వెళ్లి గోడకున్న ఫోటో తెచ్చింది. అందులో నేనే. నల్లటి జుట్టు, మెడలో దండ, చేతిలో కొబ్బరికాయ, కొత్త గద్దె ముందు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. అప్పుడు మెల్లగా గుర్తొచ్చింది. ఆ వానాకాలం మొక్కలు పంచడానికి వచ్చి, చెట్టు మొదట్లో నీళ్లు నిలిచాయని చూసి, మోకాలెత్తు మట్టి పోసి గద్దె కట్టించండి, కూర్చోవడానికీ బాగుంటుంది అని సలహా పడేసి పోయాను.

గద్దె మీద నుంచి ఎప్పుడు దిగానో తెలియదు. దసరా నుంచి ప్రతి ఆదివారం నేను రొట్టె తింటూ రోగం కోసం ఆకాశంలోకి చూశాను. రోగం నా కిందే ఉంది.

పిల్లలూ, ఇది రాసుకోండి. చెట్టు కాండం నేలను తాకే చోట వెడల్పై, వేళ్లుగా విచ్చుకోవాలి. అవి చెట్టు కాళ్లు. కాండం కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయిందంటే కాళ్లు పూడిపోయాయని అర్థం. బెరడుకు గాలి ఆడదు, తేమకు కుళ్లుతుంది, పైన ఆకు చిన్నదవుతుంది. మనం పైన మందు కొడుతూ ఉంటాం.

"అవ్వా, ఈ చెట్టుకు రోగం తెచ్చింది నేనే" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు పట్టింది.

అవ్వ కందికాయ ఒలవడం ఆపలేదు. "ఎనిమిదేండ్ల సంది ఊపిరాడక నిలబడ్డదా?"

"అవును."

"అట్ల కట్టమని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలూ చెప్పలే. చూడ మంచిగుంటదనుకున్న."

ఆమె ఇంకో కాయ అందుకుని ఒలిచింది. తిట్టినా బాగుండేది.

గడ్డపార తెమ్మంటే యాదయ్య ఉగాది ముందే వచ్చిందనుకుని ఉరుకుతూ తెచ్చాడు. గద్దె పగలగొట్టి మట్టి తీశాం. బెరడు నల్లబడి మెత్తగా ఉంది, పులిసిన వాసన. రోడ్డువైపు ఒక వేరు బయటికి పోయే దారిలేక కాండం చుట్టే తిరిగి బిగుసుకుపోయింది. యాదయ్య గడ్డపార కింద పెట్టేశాడు. "ఉరి పెట్టినట్టున్నది గద సారూ" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన గొంతులో షటర్లు వినిపించలేదు.

ఆ వేరును ఉలితో కోశాను. కుళ్లిన బెరడు గీకి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూశాను. కాళ్లకు గాలి, ఎండ తగిలేట్టు వదిలేశాం.

ఉగాది

పూత రాలేదు. ఎనిమిదేళ్లు ఉరి బిగించి, మూడు నెలల్లో పూయమంటే ఏ చెట్టు పూస్తుంది? ఈ మాట పండగపూట వాకిట్లో నిలబడి యాదయ్యకు చెప్పాను. ఇంకో ఏడాది ఆగమని బతిమాలాను. వాడ మళ్లీ పోగైంది.

"మరి మీ జామీను మాట ఏమాయె సారూ?" అన్నాడు యాదయ్య గొడ్డలితో. న్యాయమైన ప్రశ్న. అవ్వ వద్దనకూడదు, మాట ఇచ్చేసింది.

"నరకొద్దని నేను అంటలేను" అంది అవ్వ. "మాటంటే మాటే. గని యాదయ్యా, తప్పు చేసినోని మీదికి గద గొడ్డలి లేపాలె? చెట్టేం తప్పు చేసింది?"

నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చెట్టుకు ఆనించి నిలబెట్టింది. "బెదిరియ్యి."

"సారునా?" యాదయ్య బిక్కచచ్చిపోయాడు.

"కొట్టుమంటున్ననా? బెదిరియ్యమంటున్న. చెట్టును గంత మంచిగ బెదిరిస్తివి, సారును బెదిరియ్యరాదా?"

వాడంతా ఒకటే నవ్వు. యాదయ్య గొడ్డలి సగం ఎత్తి, గొంతు సవరించుకుని, "ఏం సారూ... చెట్టు కాళ్లు కప్పిపెడితిరి... మళ్ల ఎవలింట్లనన్న కప్పమంటరా?" అన్నాడు.

"అనను" అన్నాను. నిజంగానే భయమేసింది.

అప్పుడు అవ్వ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. యాదయ్య వైపు కాదు, చెట్టు వైపు తిరిగింది. చేతులు జోడించింది.

"బిడ్డా, ఈ సారు బాగ చదివిండు. పైకి చూసిండు గని నీ కాళ్ల దిక్కు చూడలే. ఈ ఒక్కసారికి ఇడిచిపెట్టు. వచ్చే ఏడు దాక నిన్ను మంచిగ అర్సుకుంటడు. ఈయనకు నాది జామీను."

యాదయ్యకు తల్లి వేసిన మెలిక అర్థమైంది. చెట్టునే నరికితే, దాన్ని చూసుకోవడానికి అవ్వ నాకు ఇప్పించిన ఏడాది ఎక్కడికి పోతుంది? గొడ్డలి తీసుకెళ్లి ఇంట్లో పెట్టాడు.

ఆ ఏడే రిటైరయ్యాను. ఆదివారాలు మాత్రం మానలేదు, నా తరఫున ఒకామె జామీను ఉంది కదా. యాదయ్య చెట్టుకు దూరంగా ఒకే షటర్ వేసుకున్నాడు. మరుసటి ఉగాదికి రోడ్డువైపు కొమ్మలకు పలచగా పూత నిలిచింది. వేసవిలో అవ్వ ఫోన్ చేసింది. "కాయ దింపుతున్నం సారూ, రా."

వెళ్లేసరికి వాకిట్లో అడుగు పెట్టే చోటు లేదు. ఎటు చూసినా కత్తిపీటలు, ఎటు విన్నా మాటలు. అవ్వ ఒక కాయ కోసి ముక్క నా చేతిలో పెట్టింది. కొరికాను. దవడలు లాక్కుపోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పులుపు అవ్వా" అన్నాను.

"గంత పులుపేం లేదు సారూ" అని అవ్వ నాకు ఇంకో ముక్క ఇచ్చింది.